బాడిగ అడగని ఇల్లు

హిందూపురం నుంచి లేపాక్షి వైపు పోయే బస్సును దారిలో ఆపించి దిగి, బండిబాట పట్టి మూడు మైళ్ళు నడిస్తే దొడ్డగుట్ట వస్తుంది. గుట్ట మీద రంగప్ప స్వామి, గుట్ట కింద అరవై గడపల ఊరు. ఊరి చివర, గుడిమెట్లకు దగ్గరగా, ఓబమ్మ ఇల్లు. ఇల్లంటే ఒకే వరసలో నాలుగు గదులు, రాతి గోడల మీద మట్టి మిద్దె. మూడు గదులు యాత్రికులకు, చివరిది ఓబమ్మకూ ఆమె వదిన నల్లమ్మకూ. ప్రతి గదికీ వేరే తలుపు, వేరే పొయ్యి, రెండు కుండలు, ఒక రోలు ఉండేవి. పెరట్లో బావి ఉండేది. వచ్చినవాళ్ళు తమ బియ్యం తామే తెచ్చుకుని, తమ వంట తామే చేసుకుని, రెండు మూడు రోజులుండి, పిల్లల పుట్టువెంట్రుకలు తీయించుకుని పోయేవారు. దాన్ని ఎవరైనా పూటకూళ్ళ ఇల్లంటే ఓబమ్మకు ఒళ్ళు మండేది. ఆమె ఇచ్చేది చోటు, కట్టెలు, నీళ్ళు. తిండి ఎవరిది వాళ్ళదే.

ఆ గదులు కట్టించింది ఆమె మామ. ఆయనకు మొదట నల్లమ్మ పుట్టింది. తరువాత పుట్టిన ఆరుగురు మగపిల్లలు పురిటి స్నానమైనా కాకముందే పోయారు. ఏడోవాడు బతికితే గుట్ట కింద భక్తులకు వంట గదులు కట్టిస్తానని ఆయన రంగప్పకు మొక్కుకున్నాడు. ఏడోవాడు బతికాడు. వాడే దాసప్ప, ఓబమ్మ మొగుడు. మొక్కులో రెండు మాటలున్నాయి. ఇంటికొచ్చిన భక్తుణ్ణి నోరు తెరిచి బాడిగ అడగకూడదు. ఇల్లెవరిదని ఎవరడిగినా స్వామిదనే చెప్పాలి. ఆ రెండో మాటను గుమ్మం మీది రాతిమీద కూడా చెక్కించాడు పెద్దాయన.

అలాగని ఆయన వెర్రివాడేమీ కాడు. అడగనన్నాడు గాని ఇస్తే పుచ్చుకోనని అనలేదు. యాత్రికులు పోయేముందు పొయ్యిగట్టు మీద తోచింది పెట్టిపోయేవారు. పావలానో, అర్ధరూపాయో, శేరు రాగులో, వాడగా మిగిలిన బెల్లం ముక్కో. పెట్టేటప్పుడు ఇంటివాళ్ళు చూడకూడదు. అందుకని యాత్రికులు మూటలు కట్టడం మొదలుపెట్టగానే ఓబమ్మ చేద తీసుకుని బావి దగ్గరికి పోయి, అవసరమున్నా లేకున్నా నీళ్ళు తోడుతూ నిలబడేది. బండి కదిలిన చప్పుడు విన్నాక గాని ఇటు తిరిగేది కాదు.

ఆమె నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆ పేరు అబద్ధమని నేననను. ఒకసారి హిందూపురం బెల్లం వ్యాపారి ఒకాయన నలభైమందితో వచ్చి, మూడు రోజులు పెళ్ళివంటలు వండించి, పొయ్యిగట్టు మీద సగం కొబ్బరిచిప్ప పెట్టిపోయాడు. ఆ చిప్పను చేతిలో పెట్టుకుని ఓబమ్మ వాడి ఏడుతరాలను పేరుపేరునా పిలిచింది. మరుసటేడు వాడే మళ్ళీ వస్తే గది అలికి, కట్టెలు చీల్చి, నీళ్ళు నింపి ఇచ్చింది. తిట్టకూడదని మామ మొక్కుకోలేదు, అడగకూడదని మొక్కుకున్నాడు.

దాసప్ప యాభైరెండు కరువులో, ఊరూరా గంజి పోస్తున్న రోజుల్లో, వాంతిభేది తగిలి రెండు రోజుల్లో పోయాడు. పిల్లలు నిలవలేదు. మిగిలింది ఓబమ్మ, ఆమెతో పాటు నల్లమ్మ. నల్లమ్మ తొమ్మిదో ఏట ముండమోసి పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. చూపు కొంచెం కొంచెంగా తగ్గి యాభై దాటేసరికి పూర్తిగా పోయింది. ఆ ఇద్దరూ పోట్లాడని రోజు లేదు, ఒకరిని విడిచి ఒకరు ముద్ద ముట్టిన రోజూ లేదు. ఇంటి పని ఓబమ్మది. మొక్కుకు కాపలా నల్లమ్మది. చీకట్లో కూర్చునే ఆ ముసలమ్మ, ఓబమ్మ బావి దగ్గరికి పోయిందో లేదో గిలక చప్పుడును బట్టి కనిపెట్టేది.

అరవైఐదులో వాన మొహం చాటేసింది. అరవైఆరులో ఆ మొహం ఎలా ఉంటుందో జనం మరిచిపోయారు. వేరుశనగ విత్తనం మట్టిలోనే మాడింది. గొర్రెలవాళ్ళు మందలను తోలుకుని మేత ఉన్న దిక్కుకు వెళ్ళిపోయారు. వానలుంటేనే మొక్కులు, పంటలుంటేనే పుట్టువెంట్రుకలు. పొయ్యిగట్టు వారాల తరబడి ఖాళీగా ఉండేది. వాన కురిపించడం సర్కారు చేతిలో లేదు గాని ఇళ్ళు కొలవడం దాని చేతిలోనే ఉంది. ఒకరోజు పొద్దున పంచాయతీ పన్నుల వసూలుదారు తిప్పేస్వామి టేపు పట్టుకుని వచ్చాడు.

“ఏమప్పా తిప్పేస్వామీ, గోడలు కొలుస్తాండావు. కొనేదానికొచ్చినావా?” అంది ఓబమ్మ.

“కొత్త రూలొచ్చిందక్కా. సొంతానికుండే ఇంటికొక రేటు, బయటోళ్ళకి బాడిగకిచ్చే ఇంటికి ఇంగొక రేటు. తలుపూ పొయ్యీ వేరేగా ఉంటే ఒక్కొక్క గదీ ఒక్కొక్క ఇల్లు కింద లెక్క.”

“అంటే నాకిప్పుడు నాలుగిండ్లా? మా మామ ఉండింటే ఎంత సంబరపడునో.”

తిప్పేస్వామి నవ్వలేదు. వాడికి ఓబమ్మంటే అభిమానం. వాడి బిడ్డలిద్దరికీ పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు పాయసం కాచింది ఆ పొయ్యిల మీదే. టేపు చుట్టుకుంటూ, నేలచూపులు చూస్తూ చెప్పాడు. “వెనకటి మూడేండ్లకి గూడా కలిపి నూట ఎనిమిది రూపాయలయితాదక్కా.”

ఓబమ్మ ముందు పకపకా నవ్వింది. వాడి మొహం చూశాక ఆపేసింది. ఆ ఏడంతా పొయ్యిగట్ల మీద దొరికింది పాతిక రూపాయలుంటే ఎక్కువ.

“కట్టకపోతే ఏమి చేస్తారప్పా?”

“జప్తు చేస్తారు. లోపల సామాను చాలకపోతే తలుపులు పీక్కొని పోతారు.”

పక్క ఊళ్ళో అలా పీకిన ఇల్లు ఆమె చూసింది. గుమ్మాలకు గోనెపట్టాలు కట్టుకుని, కుక్కలను తోలుకుంటూ బతుకుతున్నారు వాళ్ళు. తలుపుల్లేని ఇంట్లో కళ్ళులేని మనిషిని పెట్టుకుని ఎలా కాపాడుకోవాలా అని ఆమెకు ఆ రాత్రి నుంచి కంటికి కునుకు లేదు. అడగగల వాళ్ళను అడిగింది. ఎవరి దగ్గరుంది గనక? ఇంట్లో ఉన్న రెండు మేకల్లో ఒకదాన్ని సంతకు తోలుకుపోతే, బొక్కల దానికి మాంసమెక్కడిదని కటికవాడు ఆరు రూపాయలు చేతిలో పెట్టాడు.

పదిరోజులకు తిప్పేస్వామి మళ్ళీ వచ్చాడు. ఈసారి వాడి మొహం వెలుగుతోంది.

“ఈడ చూడక్కా. ఈ కాగితంలో ఇంగొక గడి ఉండాది. బాడిగ లేని ధర్మసత్రమైతే పన్నే లేదు. నువ్వెవర్నీ బాడిగ అడగవు గదా?”

“రంగప్ప ఆన. ఈ నోటితో ఒక్కర్నన్నా అడిగుంటే నా నాలిక పడిపోనీ.”

“మల్ల ఇంగేమి? ఉన్నమాటే రాస్తాండాం. అబద్ధమేమన్నా రాస్తాండామా?”

లోపలినుంచి నల్లమ్మ అంది. “రాయించు ఓబీ. మా నాయన మొక్కు సర్కారోళ్ళ కాగితంలోకి ఎక్కుతాదంటే అంతకన్నా ఏమి కావల్ల.”

ఓబమ్మ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కింది. వారానికి పైనుంచి ఒక ఆఫీసరు విచారణకు వచ్చాడు. మంచి మర్యాదస్తుడు. కుర్చీ వేస్తే కూర్చుని, మజ్జిగ ఇస్తే తాగి, మెల్లగా అడిగాడు.

“బాడిగ వసూలు చేస్తావామ్మా?”

“లేదు సామీ, రంగప్ప ఆన.”

“పొయ్యి మీద డబ్బులు పెడతారంట కదా?”

“అది వాళ్ళు సామికని పెట్టేది. నేను అడిగేదీ లేదు, చూసేదీ లేదు.”

“ఇంటికి పత్రమేమైనా ఉందా?”

“పత్రమేడిది సామీ. మా మామ కట్టించినాడు, అంతే.”

“అయితే ఇల్లెవరిది?”

ఇక్కడే ఎవరైనా ఆమె నోరు మూసి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. కాని ఎవరు మూస్తారు? ముప్పై ఏళ్ళుగా ఎంతమంది బండివాళ్ళు, ఎంతమంది బాలింతలు, ఎంతమంది ముసలివాళ్ళు ఆ మాట అడిగారో, అందరికీ ఒక్కటే జవాబు చెప్పింది. చెప్పకపోతే లోపల నల్లమ్మ ఊరుకోదు. “సామిది. మాదేముండాది సామీ, ఊడ్చేదానికుండేటోళ్ళం” అంది ఓబమ్మ, చేతులు కట్టుకుని. ఆఫీసరు తలెత్తి గుమ్మం మీది రాత చదువుకున్నాడు. ఆమె అన్నమాట అన్నట్టే రాసుకున్నాడు. పోతూపోతూ పొయ్యిగట్టు మీద పావలా కూడా పెట్టిపోయాడు.

నూట ఎనిమిది రూపాయలూ రద్దయ్యాయి. ఓబమ్మ గుట్టెక్కి టెంకాయ కొట్టి వచ్చింది.

కొన్ని నెలలకు తపాలా మనిషి ఒక పొడుగాటి కవరు తెచ్చి ఇచ్చాడు. వాడింకా నాలుగు ఊళ్ళు తిరగాలి. పై వాక్యం చదివి, “మీ ఇల్లు ధర్మసత్రమని రాసుకున్నారంటమ్మా” అని చెప్పి పోయాడు. మిగతా ముప్పై వాక్యాలు ఎవరు చదవాలి? తిప్పేస్వామిని అప్పటికే మడకశిర వైపు మార్చారు. ఓబమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని రంగప్ప పటానికి పక్కన మేకు కొట్టి తగిలించింది. వచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ లోపలికి పిలిచి చూపించింది. చదువురానివాళ్ళు దండం పెట్టుకున్నారు. చదువొచ్చినవాళ్ళు రాజముద్రా పై వాక్యమూ చూసి తలాడించారు. దాసప్ప పోయాక ఆమె అంత గర్వంగా తిరిగింది ఆ ఐదు నెలలే.

ఐదు నెలల తరువాత తిప్పేస్వామి ఏదో పనిమీద ఆ దారిన వచ్చి, పలకరించి పోదామని ఇంట్లో అడుగుపెట్టాడు. ఓబమ్మ వాణ్ణి చేయిపట్టి లాక్కుపోయి కాగితం ముందు నిలబెట్టింది. వాడు చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

“ఏమప్పా, అట్ల నిలబడిపోతివి? ఏమి రాసినారు?”

“అక్కా, ఇది ఎప్పుడొచ్చింది?”

“ఉగాదికి ముందర. ఎందుకు?”

తిప్పేస్వామి నేలమీద కూలబడి, తల పట్టుకుని, ఒక్కొక్క మాటే చెప్పాడు. ఇల్లు స్వామిదని, బాడిగ లేకుండా భక్తులకు నడిచే సత్రమని ఆమే ఒప్పుకుంది కాబట్టి, ఇకనుంచి దాన్ని ప్రభుత్వమే చూసుకుంటుంది. మేనేజరు వచ్చి స్వాధీనం చేసుకుంటాడు. ఇల్లు తమదనేవాళ్ళెవరైనా ఉంటే అరవై రోజుల్లోగా అర్జీ పెట్టుకోవాలి. అరవై రోజులు దాటి మూడు నెలలైంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఓబమ్మకు మొదట అర్థం కాలేదు. “మూడు గదులా?” అంది.

“నాలుగూ అక్కా. మీరుండేది గూడా కలిపే కొలిచినారు. కొలిచినోన్ని నేనే.”

ఆమె వాణ్ణి తిట్టలేదు. తిడుతుందని వాడు ఎదురుచూశాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె లేచి పెరట్లోకి పోయి రెండో మేకను విప్పింది. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతో పట్నానికి బస్సెక్కింది.

ఆ కాగితం పంపిన ఆఫీసు వరండాలో రెండు రోజులు కూర్చుంది. మూడోరోజు మధ్యాహ్నం లోపలికి రానిచ్చారు. మజ్జిగ తాగిన ఆఫీసరే. ఓబమ్మ బల్ల ముందు నిలబడి, బస్సులో నూరుసార్లు నెమరువేసుకున్న మాట అంది.

“నాకు పన్ను ఏయండి సామీ.”

ఆయనకు వినపడలేదనుకుని మళ్ళీ చెప్పింది. “నూట ఎనిమిది గాదు, రెండునూర్లు ఏయండి. కూలికి పోయి కడతా. నేను బాడిగకే ఇచ్చినాను. పొయ్యిమీద పెట్టినవన్నీ బాడిగ దుడ్లే. ఆ పొద్దు అబద్ధం చెప్పినాను.”

పక్కగదిలో గుమాస్తాలు పనులాపి గుమ్మం దగ్గరికొచ్చారు. పన్ను తగ్గించమని కాళ్ళు పట్టుకునేవాళ్ళను చూశారు, పన్ను ఎగ్గొట్టి పారిపోయేవాళ్ళను చూశారు. వేయమని ఏడ్చే మనిషిని చూడటం అదే మొదలు. ఒకడు నవ్వాడు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు.

“అప్పుడు దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?”

నిజమేమిటో ఇప్పుడు ఓబమ్మకే తెలియదు. నోటితో అడగని మాట నిజం, దానిమీదే బతికిన మాటా నిజం. ఆ రెంటికీ కలిపి ఒక గడి వాళ్ళ కాగితంలో లేదు. అయితే సత్రం, కాకుంటే బాడిగ ఇల్లు. ఈ గడులు గీసినవాడెవడో వాడి ఊళ్ళో మొక్కులనేవి లేవు కాబోలు.

చివరికి ఆఫీసరు కొంచెం కరిగాడు. “గడువు దాటిపోయింది. అయినా ఒకదారి ఉంది. బాడిగ తీసుకున్నట్టు రసీదులుంటే తీసుకురా. లేదంటే, నీకు బాడిగ ఇచ్చామని ముగ్గురు యాత్రికుల చేత రాయించి వేలిముద్రలు వేయించుకురా. మేనేజరు వచ్చేలోగా తెస్తే పైకి పంపుతాను. నెలకు మించి ఆపలేను.”

ఆ ఇంట్లో ఏనాడూ రసీదు పుట్టలేదు. ఇక మిగిలింది యాత్రికులు. ఆ నెలలో నాలుగే బండ్లు వచ్చాయి. మొదట వచ్చింది పావగడ వైపు గొర్రెలకాపరి మారెప్ప. తాతల నాటినుంచి ఏటా వచ్చే కుటుంబం. సగం మంద చచ్చిపోయినా, మొక్కు తప్పకూడదని పదిమందితో బండి కట్టుకుని వచ్చాడు. మూడు రోజులూ ఓబమ్మ వాళ్ళకు కట్టెలందిస్తూ, నీళ్ళందిస్తూ, లోపల నాలుకను సిద్ధం చేసుకుంది. నాలుగోరోజు పొద్దున ఆడవాళ్ళు మూటలు కడుతున్నారు. ఆమె చేద ముట్టలేదు. వచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“మారెప్పన్నా, బాడిగ ఇచ్చిపో.”

మూట కడుతున్న చేతులు ఆగిపోయాయి. మారెప్ప ఆమె మొహంలోకి చూశాడు. “ఏమంటివక్కా?”

ఆమె అంతా చెప్పింది. ఆఫీసు, గడువు, నాలుగు గదులు, వదిన, ఏదీ దాచలేదు. చెప్పి, చదువుకున్న వాడెవడో రాసిచ్చిన కాగితం కొంగులోంచి తీసింది. “బాడిగ ఇచ్చినానని ఒక్క వేలిముద్ర ఏసిపో అన్నా. నీకు పుణ్యముంటాది. నా ఇల్లు నిలబడతాది.”

మారెప్ప కాగితం చేతికి తీసుకోలేదు. “మా నాయన ఈడ పెట్టినాడు. వాళ్ళ నాయనా పెట్టినాడు. సామికి పెడతాండామనే పెట్టినాం. ఇప్పుడు అది బాడిగని నేను వేలేస్తే, మా నాయన పెట్టింది గూడా బాడిగయిపోతాది గదక్కా. చచ్చినోళ్ళ పుణ్యం నేనెట్ల తీసేద్దును? కావల్లంటే దుడ్లు తీసుకో.” నడుముకు కట్టుకున్న సంచి విప్పి, ఉన్న నాలుగు రూపాయల చిల్లర ఆమె కాళ్ళ దగ్గర పోశాడు. బండెద్దుల మేతకు దాచుకున్న డబ్బది. ఓబమ్మ ఏరి వాడి చేతిలోనే పెట్టేసింది. వాడి మీద ఆమెకు కోపం రాలేదు. వాడి స్థానంలో తానున్నా వేలు వేయదు. అదే ఆమె గుండెను పిండేసింది.

మిగతా మూడు బండ్లవాళ్ళదీ అదే మాట. ఒకడు మాత్రం ఐదు రూపాయలిస్తే ఏ కాగితం మీదైనా వేలు పెడతానన్నాడు. ఆమె దగ్గర ఐదు లేవు. ఉన్నా ఒకడి వేలు చాలదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. మారెప్ప బండి వెళ్ళిన మధ్యాహ్నం ఓబమ్మ సంగటి ముద్ద పెట్టి నల్లమ్మ చేతికిస్తే, ముసలమ్మ పళ్ళేన్ని పక్కకు నెట్టింది.

“గిలక చప్పుడు రాలేదు. నువ్వు బాడిగ అడిగినావు. నేను విన్నా.”

“అడిగినా. ఏమి చెయ్యమంటావు? ఇల్లు పోతాండాది వదినా. మొక్కు కప్పుకొని పండుకుంటావా?”

“ఆయప్ప ఇల్లు ఆయప్ప తీసుకుంటాడు. నీకేమి పోయేకాలం? మా నాయన మాట చెరిపినావు ఓబీ. ఏడోవాడు నీకు మొగుడయిందే ఆ మాట మీద.”

ఓబమ్మకు కడుపు మండిపోయింది. ఈ ముసలిదాని కోసమే గదా మేకలమ్మింది, వరండాల్లో కుక్కలా పడి ఉన్నది. “కండ్లు లేవు గాబట్టి నీకు అన్నీ బాగానే కనపడతాయి” అనేసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. నల్లమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ రోజునుంచి పెడితే తినేది, లేపితే లేచేది, మాట మాత్రం లేదు. పోట్లాడుకున్న రోజులన్నీ ఎంత చల్లని రోజులో ఓబమ్మకు అప్పుడు తెలిసింది. ఎదురు తిట్టే మనిషి లేక ఆమె నోరు కూడా మూతపడింది.

నెల తిరగకముందే మేనేజరు హనుమంతరాయుడు వచ్చాడు. ఒక బల్ల, నాలుగు తాళాలు, ఒక పెద్ద రిజిస్టరు, రంగు వేసిన బోర్డు బండిలో దించాడు. చెడ్డవాడు కాడు. బదిలీ మీద వచ్చిన చిరుద్యోగి, ఇంట్లో ఐదుగురు పిల్లలు. ఓబమ్మను చూడగానే చేతులు జోడించాడు. అయినా చదవాల్సింది చదివాడు. యాత్రికులెవరైనా మూడు రోజులకు మించి ఉండకూడదు. స్థిరంగా ఎవరూ కాపురముండకూడదు. గదికి రూపాయి చొప్పున కట్టాలి.

“రూపాయా?” అంది ఓబమ్మ. “బాడిగా?”

“బాడిగ కాదమ్మా. నిర్వహణ రుసుము. రసీదు ఇస్తాం.”

ఓబమ్మ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. ముప్పై ఏళ్ళు పళ్ళబిగువున అడగని మాటను సర్కారు వచ్చిన గంటకే అడిగేసింది. దానిమీద పన్నూ లేదు, ఎవరి మొక్కూ చెడలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని అంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఇద్దరూ నోరు మెదపకుండానే ఇల్లు చేయి మారిపోయింది.

“మేము యాడికి పోవల్ల సామీ? ఆయమ్మకి కండ్లు కనపడవు.”

హనుమంతరాయుడు రిజిస్టరు అంచు గోకాడు. “ఊడ్చే పనికి దరఖాస్తు పెట్టుకోమ్మా, నేను రాస్తాను. కాని ఆర్డరొచ్చినా లోపల కాపురానికి వీల్లేదు. ఇప్పటికి యాత్రికుల కింద మూడు రోజులుండండి. అంతకుమించి నా చేతిలో లేదు.”

నల్లమ్మ లోపల గదిలో పడుకుని ఉంది. ఓబమ్మ అటువైపు ఒకసారి చూసి, కొంగుముడి విప్పి, మేక డబ్బుల్లో మిగిలిన రూపాయి తీసి బల్లమీద పెట్టింది. హనుమంతరాయుడు వద్దనబోయాడు. పుస్తకంలో మొదటి రసీదే ఉత్తగా చింపితే లెక్క తప్పుతుందని గుర్తొచ్చి తీసుకున్నాడు. పేర్లు రాసుకున్నాడు.

“ఏ ఊరు?” అని అలవాటుగా అడిగి, తలెత్తకుండా ఉండిపోయాడు.

“ఈడే” అంది ఓబమ్మ.

వచ్చిన పని అనేచోట ఆయనే స్వామి దర్శనమని రాసుకున్నాడు.

ఆ మూడు రోజుల్లో తిప్పేస్వామి ఒకసారి వచ్చాడు. అరుగుమీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. “నువ్వు మంచికే చెప్పినావప్పా. ఉన్నమాటే గదా చెప్పినాం” అంది ఓబమ్మ. వాడే ఒక దారి చూసి పెట్టాడు. బుక్కరాయసముద్రం దగ్గర కరువు పనికింద రోడ్డు వేస్తున్నారు. కంకర కొట్టేవాళ్ళకు దినకూలీ ఇచ్చి, పడుకోవడానికి గుడిసెలు వేశారు. యాభైఐదేళ్ళ ఓబమ్మ సుత్తి ఎత్తగలదో లేదో, గుడ్డిమనిషిని గుడిసెలో ఉండనిస్తారో లేదో, వాడికీ తెలియదు. అంతకంటే చూపడానికి వాడి దగ్గర ఏమీ లేదు. ఆమె సరేనంది.

నాలుగోరోజు పొద్దున ఓబమ్మ గది ఊడ్చింది. పొయ్యి అలికింది. కుండలు కడిగి బోర్లించింది. ఉన్న రెండు చీరలు, చాప, సంగటి గిన్నె మూటకట్టి నెత్తిన పెట్టుకుంది. అరుగు పక్కన బల్లమీద హనుమంతరాయుడు మడకశిరనుంచి వచ్చిన ఒక కుటుంబానికి రసీదు చింపుతున్నాడు. నల్లమ్మను లేపి చేయిపట్టి బయటికి తెచ్చింది. ముసలమ్మ గుమ్మం దగ్గర ఆగి, వంగి, గడపను రెండు చేతులతో తడిమి కళ్ళకద్దుకుంది. నెలరోజుల తరువాత మొదటిసారి నోరు తెరిచింది.

“ఓబీ.”

“ఏమి వదినా.”

“ఈ మూడు దినాలకీ ఆ వచ్చినాయప్ప మనల్ని బాడిగేమన్నా అడిగినాడా?”

రసీదు ఓబమ్మ కొంగుముడిలోనే ఉంది. బల్ల దగ్గర మడకశిరాయన చిల్లర వెతుక్కుంటున్నాడు. ఓబమ్మ ముసలమ్మ చేయి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

“లేదు వదినా. ఎవరూ అడగలేదు.”

నల్లమ్మ మొహం విచ్చుకుంది. “చూసినావా మల్ల. నువ్వు చెరిపినా మా నాయన మాట నిలబడింది. పద” అని, ఓబమ్మ భుజం మీద చేయివేసి మెట్టు దిగింది.